ఆ తోట ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ఎవరికో జవాబు రాస్తూ, జోస్యం చెప్పే టారో పేక కట్టలో ‘నైన్ ఆఫ్ పెంటకిల్స్’ అనే కార్డు ఒకటి ఉందనీ, ఆడవాళ్ళ స్వాతంత్ర్యానికి గుర్తుగా దాన్ని చెప్పుకుంటారనీ, దానితో నాకు పాతికేళ్ళ అనుబంధం ఉందనీ ఒక్క వాక్యంలో అని ఊరుకున్నాను. ఆ ఒక్క వాక్యానికి కర్నూలు, కడప, అనంతపురం నుంచే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

చూడనివారి కోసం బొమ్మ ఎలా ఉంటుందో ముందే చెబుతాను. పెంటకిల్ అంటే అయిదు మొనల చుక్క చెక్కిన బంగారు బిళ్ళ. మన కాసులపేరులోని కాసు గుర్తుకొస్తుంది కనుక నేను దీన్ని తొమ్మిది కాసుల కార్డు అంటాను. పసుపుపచ్చని ఆకాశం కింద, విరగకాసిన ద్రాక్షతోటలో ఒక స్త్రీ ఒక్కతే నిలబడి ఉంటుంది. నేలకు జీరాడే అంగీ నిండా ఎర్రని పువ్వులు, తలకు ఎర్ర టోపీ. ఒక చెయ్యి కాసు మీద ఆనించి ఉంటుంది. తొడుగు వేసుకున్న రెండో చేతి మీద, కళ్ళు మూసే టోపీ పెట్టిన వేటడేగ కూర్చుని ఉంటుంది. ఒకవైపు ఆరు కాసులు, ఇంకోవైపు మూడు. దూరంగా ఒక పెద్ద ఇల్లు. కింద నేల మీద, ఎవరి కళ్ళూ పడని చోట, ఒక నత్త పాకుతూ ఉంటుంది.

ప్రశ్న: మాది అనంతపురం. నాకు నలభై ఆరేళ్ళు, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. పెళ్ళయిన ఆరేళ్ళకు భర్తతో పొసగక విడిగా వచ్చేశాను. కోర్టుకు వెళ్ళి విడాకులు తీసుకోలేదు, ఆయనా అడగలేదు. పదకొండేళ్ళ కిందట జీతం మీద అప్పు తీసుకుని మా పుట్టిన ఊళ్ళో మూడెకరాలు కొని చీనీ (బత్తాయి) పెట్టాను. పాసుపుస్తకం నా పేరనే ఉంది. తోట మా తమ్ముడు చూసుకుంటున్నాడు కాబట్టి అడంగల్‌లో, అంటే ఊరి సాగు లెక్కల్లో, అనుభవదారుగా వాడి పేరు పడింది, బోరు కరెంటు సర్వీసు వాడి పేర ఉంది, యార్డులో సరుకు అమ్మాక ఇచ్చే చీటీ, అదే తక్‌పట్టీ కూడా వాడి పేరనే రాస్తారు. టన్ను ఎంతకు పోయిందో, సూటు (తూకంలో తరుగు) ఎంత తీశారో వాడు చెబితేనే నాకు తెలుస్తుంది. మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా అమ్మాయి మీరు రాసిన ఈ కార్డే నా చేతిలో పెట్టి ‘ఇది నువ్వేనమ్మా’ అంది. నాకు సంతోషం కంటే సిగ్గు ఎక్కువ కలిగింది. ఆమె పట్టుబట్టలు కట్టుకుని డేగతో ఆడుకుంటోంది. నేను ఆదివారం పూట బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచి తోటకు వెళతాను. ఇప్పుడు తమ్ముడు తోటను వాడి కొడుకు పేర రాయమంటున్నాడు. ‘న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి’ అని ఊరికే అనలేదు పెద్దలు అంటున్నాడు మా అన్న. ఆ కార్డు నిజంగా నన్ను గురించి ఏమైనా చెబుతుందా? దాన్ని పూజగదిలో పెట్టుకోవచ్చా? మా వదిన వద్దంటోంది.

జవాబు: అమ్మా, మీ అమ్మాయి కార్డును సరిగ్గానే ఎంచింది. మీరే బట్టలు చూసి వెనక్కి తగ్గారు.

ద్రాక్ష ఊరికే కాయదు, చీనీ అంతకంటే కాయదు. రంగపూర్ నిమ్మ వేరు మీద సాతుగుడి కన్ను కట్టిన అంటు తెచ్చి నాటింది మొదలు, నాలుగైదేళ్ళు ఒక్క రూపాయి కళ్ళజూడకుండా నీళ్ళు పెట్టి, కాపుకు వచ్చాక పూత కోసం కొన్నాళ్ళు నీళ్ళు ఆపి చెట్టును వాడబెట్టి, మళ్ళీ ఏ రోజున నీళ్ళు వదలాలో ఆకు ముడత చూసి తెలుసుకుని, ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలనుకునే జిల్లాలో ఒక తోటను నిలబెట్టిన మనిషికి, ఆ బొమ్మలో నత్త ఎందుకుందో నేను చెప్పనక్కరలేదు. పట్టు అంగీ ఆ నత్త నడక తరువాతి సంగతి. చాలామంది వ్యాఖ్యాతలు డేగ దగ్గరా కాసుల దగ్గరా ఆగిపోయి నత్తను ఒక ముక్కలో దాటేస్తారు. నా లెక్కలో బొమ్మకు అదే ఆయువుపట్టు.

ఇక అసలు విషయం. ఈ కార్డు 1909లో లండన్‌లో వెలువడిన కట్టలోది. బొమ్మలు వేసినది పామెలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి, వేయించినది ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే పండితుడు. 1911లో ఆ కట్ట మీద ఆయన ఒక పుస్తకం వేశాడు. అందులో ఈ కార్డు దగ్గర తోట విశాలమైనదనీ, అన్నీ సమృద్ధిగా ఉన్నాయనీ వర్ణించి, ఆ వెంటనే, అది బహుశా ఆమె సొంత ఆస్తే కావచ్చు అన్న భావం వచ్చే వాక్యం ఒకటి రాశాడు. ఆ ‘బహుశా’ను చూడండి. పెళ్ళయిన స్త్రీ తన ఆస్తిని తన పేరనే ఉంచుకోవచ్చునని ఇంగ్లండులో 1882లోనే చట్టం వచ్చింది. దాదాపు ముప్పై ఏళ్ళు గడిచాక కూడా, తోటలో దర్జాగా నిలబడి ఉన్న ఆడమనిషిని చూసిన చదువుకున్న పెద్దమనిషికి తోట ఆమెదేనని తేల్చి చెప్పబుద్ధి కాలేదు. అక్కడ మగవాడు నిలబడి ఉంటే ఆ మాట పడేది కాదని నా అనుమానం.

మీ అడంగల్‌లో ఉన్నదీ అదే ‘బహుశా’. పట్టాదారు కాలమ్‌లో మీ పేరు, అనుభవదారు కాలమ్‌లో తమ్ముడి పేరు. ఈ కార్డులోని స్త్రీ పట్టాదారా, అనుభవదారా అని అడిగితే, రెండూ తానే కావడం వల్లనే ఆమెను స్వాతంత్ర్యానికి గుర్తుగా చెప్పుకుంటున్నారని నేనంటాను. మీరు మొదటిది అయ్యారు. రెండోది తమ్ముడికి వదిలేశారు. వదిలేయడంలో తప్పు లేదు, నోటిమాటగా వదిలేయడంలో ఉంది. ఎండలో కష్టపడుతున్నది ఆయన కాబట్టి ఆయనకు రావలసింది రావాలి. దానికి మన రాష్ట్రంలో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందం రాసుకునే వీలుంది. సాగుదారుగా ఆయనకు పంట మీద గుర్తింపు ఉంటుంది, భూమి మీద మీ హక్కు చెక్కుచెదరదు. తక్‌పట్టీ మాత్రం వచ్చే కోతనుంచి మీ పేర రాయించండి. డబ్బు ముందు మీ ఖాతాలో పడి, అక్కడినుంచి ఆయన వాటా ఆయనకు వెళ్ళాలి. ఒక చీటీ మీద పేరు మారినందుకు ఇంత రాద్ధాంతమా అని ఇంట్లో అనవచ్చు. అంత చిన్న చీటీయే అయితే మార్చడానికీ అభ్యంతరం ఉండకూడదు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది ఇంకొకటి ఉంది. విడాకులు తీసుకోలేదని ఒక ముక్కలో రాసి దాటిపోయారు. హిందూ వారసత్వ చట్టం మీకు వర్తిస్తుందన్న లెక్కన చెబుతున్నాను: మీరు కొన్న భూమి 14వ సెక్షన్ ప్రకారం పూర్తిగా మీది, మీరు ఉన్నంతవరకు తమ్ముడికి గానీ అన్నకు గానీ మేనల్లుడికి గానీ అందులో పూచికపుల్లంత హక్కు లేదు. కానీ మీరు వీలునామా రాయకుండా పోతే 15వ సెక్షన్ ప్రకారం ఆస్తి పిల్లలకూ భర్తకూ సమానంగా వెళుతుంది. చట్టం దృష్టిలో ఆయన ఇప్పటికీ మీ భర్తే. ఇన్నేళ్ళుగా మీ గడప తొక్కని మనిషి మీ అమ్మాయితో సమానంగా ఒకటిన్నర ఎకరం అడగవచ్చు. కనుక ఇద్దరు సాక్షుల ఎదుట వీలునామా రాయండి. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే రేపు వాదనలు తగ్గుతాయి. ఈ నెలలోనే ఒక వకీలును కలవండి.

అన్నగారి శ్లోకం సంగతికి వస్తే, అది మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలోది. చిన్నతనంలో తండ్రి, యౌవనంలో భర్త, ముసలితనంలో కొడుకులు రక్షిస్తారని మూడు పాదాల్లో చెప్పి నాలుగో పాదంలో మీ అన్న చదివిన మాట అంటుంది. అన్నదమ్ములకు అందులో ఏ పాదమూ కేటాయించలేదు. శ్లోకం చదివితే పూర్తిగా చదవమనండి.

డేగను గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ‘ఒక్కదానివి ఎట్ల చూసుకుంటావు’ అని ఇంట్లో ఎవరైనా అంటే, దానికి జవాబు అక్కడ ఉంది. వేటడేగను మన పాత తెలుగులో సాళువం అనేవారు. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరులో ఉన్నది ఆ పక్షే. దాన్ని మచ్చిక చేసేవాళ్ళు దానికి టోపీ పెట్టేది ప్రధానంగా బెదరకుండా ఉండడానికి. వేటకు వదిలేటప్పుడు టోపీ తీసి పూర్తిగా వదిలేస్తారు. కావాలంటే అది తిరిగి రాకుండా పోవచ్చు. తిండి దొరికే చెయ్యి, బెదిరించని చెయ్యి కనుక తిరిగి వస్తుంది. ఆమె చేతికి తొడుగు ఎందుకంటే, మచ్చికైన పక్షికి కూడా గోళ్ళు ఉంటాయి. మీ తమ్ముడితో ఒప్పందం రాసుకోవడం ఆ తొడుగులాంటిది. అది శత్రుత్వం కాదు.

అయితే ఈ డేగ విషయంలో నాకూ ఒక ముల్లు ఉంది. డేగల్లో ఆడదే పెద్దది, బలమైనది. ఇంగ్లీషు వేటగాళ్ళ పరిభాషలో ‘ఫాల్కన్’ అంటే అచ్చంగా ఆడపక్షి. స్వతంత్రురాలని మనం మెచ్చుకుంటున్న స్త్రీ చేతి మీద కూర్చున్నదీ ఆడదే కావచ్చు, గానుగెద్దులాగా గంతలు ఉన్నది దానికి. పొలం ఉన్న ఆడవాళ్ళం మన పొలంలో కలుపు తీసే ఆడవాళ్ళకు ఇచ్చే కూలి లెక్క వేసేటప్పుడు ఈ గంతల డేగ నా కళ్ళకు అడ్డం పడుతుంది.

పూజగది గురించి: కార్డు దేవుడు కాదు, దయ్యమూ కాదు. మీ వదిన భయపడుతున్నారు కనుక అక్కడ పెట్టకండి. పాసుపుస్తకం పెట్టే సంచిలో పెట్టుకోండి.

ప్రశ్న: నేను కర్నూలులో చరిత్ర చెప్పి విశ్రాంతి తీసుకున్న అధ్యాపకుడిని. చిలక జోస్యానికి ఇంగ్లీషు చొక్కా తొడిగినంత మాత్రాన టారో శాస్త్రం అయిపోతుందా? స్త్రీ స్వాతంత్ర్యం గురించి రాయడానికి మీకు పేకముక్క తప్ప మరేమీ దొరకలేదా?

జవాబు: కాదు సార్, అయిపోదు. మీతో నాకు ఇక్కడ పేచీ లేదు. టారో పుట్టింది పదిహేనో శతాబ్దపు ఉత్తర ఇటలీలో, మిలాన్ వంటి రాజాస్థానాల్లో ఆడుకోవడానికి. మూడు వందల ఏళ్ళు అది ఆటముక్కగానే బతికింది. 1781లో పారిస్‌లో కూర్ ద జెబెలాఁ అనే ఆయన ఈ ముక్కలు ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని రాశాడు. ఈజిప్టు లిపిని చదవడం 1822లో గానీ ఎవరికీ చేతకాలేదన్నది వేరే కథ. అక్కడినుంచే జోస్యం జోరందుకుంది. కట్టలో ఉన్నవి 78 ముక్కలు. కలిపి తీస్తే ఏదో ఒకటి రాక తప్పదు.

చిలక మాట మీరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. చిన్నప్పుడు కొండారెడ్డి బురుజు దగ్గర గోనెపట్టా పరుచుకుని ఒకాయన కూర్చునేవాడు. పంజరం తలుపు ఎత్తితే చిలక బయటికి వచ్చి, వరుసగా పేర్చిన కవర్ల మీద తప్పటడుగులు వేసుకుంటూ నడిచి, ముక్కుతో ఒకటి లాగి ఆయన ముందు పడేసి, ఆయన చేతిలోని వడ్లగింజ అందుకుని, ఎవరూ అదిలించకుండానే మళ్ళీ పంజరంలోకి వెళ్ళి కూర్చునేది. తలుపు అప్పటికీ తెరిచే ఉండేది. ఎందుకు ఎగిరిపోదని అడిగితే మా అమ్మ ‘రెక్కలు కత్తిరించి ఉంటారే’ అంది. మన రామచిలుకలను పట్టి పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తరువాత. తొమ్మిది కాసుల కార్డులో డేగను మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చిలకే. భవిష్యత్తు చెబుతుందని నేను ఆ కార్డును దగ్గర పెట్టుకోలేదు. ముక్క తీసి చూడడం మానేసి ఏళ్ళు గడిచాయి. ఆ బొమ్మను చూడడం మాత్రం మానలేకపోయాను. ఒక బొమ్మ మనిషిని పట్టుకోవడానికి అది శాస్త్రం కానక్కరలేదని, లేపాక్షి పైకప్పు బొమ్మల కింద మెడ నొప్పి పుట్టేదాకా ఎప్పుడో నిలబడే ఉండే చరిత్ర మాస్టారు మీకు నేను చెప్పేదేముంది?

ప్రశ్న: మాది కడప జిల్లా. మావారు పోయి నాలుగేళ్ళయింది. నాపరాళ్ళు పాలిష్ పట్టే యూనిట్‌ను ఇప్పుడు నేనే నడుపుతున్నాను. స్నేహితురాళ్ళు సరదాగా టారో ముక్కలు తీస్తుంటే నాకు కత్తి పట్టుకున్న రాణి వచ్చింది. ఒకామె ఫోనులో చూసి ‘స్వతంత్రురాలు, తెలివైనది’ అని చదివింది. ఇంకొకామె తన దగ్గరున్న పుస్తకం తెరిచి ‘విధవ’ అని పైకి చదివేసి నాలుక కరుచుకుంది. అందరూ మాట మార్చారు. ఈ రెండింట్లో ఏది నిజం? తొమ్మిది కాసుల కార్డు నాకెందుకు రాలేదు?

జవాబు: రెండూ అచ్చులో ఉన్నవే. ఆ పుస్తకం వెయిట్‌ను అనుసరించినదై ఉంటుంది. ఆయన కత్తుల రాణికి వైధవ్యం, స్త్రీ దుఃఖం, ఎడబాటు, గొడ్రాలితనం అంటూ ఒక జాబితా ఇచ్చాడు. అది ఆయన సొంతమూ కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో ఎతెయ్యా అన్న పేరుతో జోస్యం చెప్పిన ఆయన అప్పటికే ఈ ముక్కకు వైధవ్యమన్న అర్థం కట్టాడు. మామూలు పేకలో ఇస్పేటు రాణికి కూడా జోస్యగాళ్ళు ఇదే అర్థం చెబుతారు. ఇస్పేటు అన్న మాట మూలంలో ఇటాలియన్ భాషలోని కత్తే ఉంది. గడిచిన యాభై అరవై ఏళ్ళలో కార్డులు చదివేవాళ్ళలోనూ వాటి మీద రాసేవాళ్ళలోనూ స్త్రీలు పెరిగాక, అదే రాణి స్వతంత్రురాలయింది. బొమ్మ మీద ఒక్క గీత కూడా మారలేదు.

బొమ్మనే చూద్దాం. ఆమె పక్కకు తిరిగి సింహాసనం మీద నిటారుగా కూర్చుంది. కుడిచేతిలో కత్తి ఎటూ వాలకుండా నిలువుగా ఉంది. ఎడమ చెయ్యి ముందుకు చాచి, ఎదుటివాణ్ణి ‘ఊఁ, చెప్పు’ అంటున్నట్టు ఉంది. సింహాసనం మీద సీతాకోకచిలుకలు చెక్కి ఉన్నాయి. వెనక మబ్బులు, పైన ఆకాశంలో ఒకే ఒక్క పక్షి, దానికి టోపీ లేదు. ఇందులో ఏడుస్తున్న మనిషిని నేను చూడలేదు. పాలిష్ యూనిట్ గల్లాపెట్టె దగ్గర కూర్చుని, లారీ కిరాయి తగ్గించి చెప్పమంటున్న ఆడమనిషి కనిపించింది.

కానీ అమ్మా, ఫోనులో చదివిన మాట కూడా నాకు పూర్తిగా రుచించలేదు. విధవ అన్న మాట మీరు పోగొట్టుకున్నదాన్నే మీ పేరు చేసేస్తుంది. స్వతంత్రురాలు అన్న మాట మీరు పోగొట్టుకున్నదాన్ని లేనట్టే కొట్టేస్తుంది. ఆయన పోవడం వల్ల మీకు స్వాతంత్ర్యం కలిసొచ్చింది అన్న ధ్వని అందులో ఎక్కడో ఉంది, అది విన్నప్పుడు మీకు ఎలా ఉంటుందో నేను ఊహించగలను. మా అమ్మ ఇరవై తొమ్మిదేళ్ళకు ఆ స్థితిలోకి వచ్చింది. కర్నూలు పాతబస్తీలో ఇంటి ముందు కట్టెలపొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కాల్చి అమ్మి మమ్మల్ని పెంచింది. ‘ఎంత ధైర్యస్థురాలివమ్మా’ అని ఎవరైనా మెచ్చుకుంటే ఆమె ముఖం చిట్లించుకునేది. ‘ధైర్యం కాదు, సాయంత్రానికి పిండి కావాల’ అనేది.

తొమ్మిది కాసుల కార్డు ఎందుకు రాలేదంటారా? ముక్కలు కలిపి తీశారు కాబట్టి రాలేదు. అంతకుమించి కారణం లేదు. అయితే ఒక తేడా నేనూ గమనించాను: తోటలోని ఆమెను చూసి మీ ఆయన ఏడీ అని ఏ పుస్తకమూ అడగలేదు, కత్తి పట్టుకున్న ఆమెను ప్రతి పుస్తకమూ అడిగింది.

ప్రశ్న: ఈ కార్డు గీసినామె కూడా అలాగే సొంత తోటలో బతికిందా? (డిగ్రీ విద్యార్థిని, కడప)

జవాబు: లేదమ్మా. పామెలా కోల్మన్ స్మిత్ 1878లో లండన్‌లో పుట్టింది. చిన్నతనం కొంత జమైకాలో గడిచింది, న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ప్రాట్ విద్యాసంస్థలో చిత్రకళ నేర్చుకుంది, ఇరవై రెండేళ్ళు నిండకముందే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుంది. నాటకాలకు రంగస్థల పని చేసింది, సొంతంగా పత్రిక నడిపింది, ఓటుహక్కు కోసం పోరాడుతున్న స్త్రీలకు బొమ్మలు వేసి ఇచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. టారో బొమ్మలు పూర్తయ్యాక 1909 నవంబరులో, న్యూయార్క్‌లో తన చిత్రాలు ప్రదర్శించిన స్టీగ్లిట్జ్ అనే ఫొటోగ్రాఫరుకు జాబు రాస్తూ, పెద్ద పని ఒకటి ముగించాననీ డబ్బు మాత్రం బహు తక్కువ వచ్చిందనీ చెప్పుకుంది. అమ్మకాల మీద ఆమెకు వాటా రాలేదు. కట్టకు ప్రచురణకర్త పేరు, పండితుడి పేరు కలిపి ‘రైడర్ వెయిట్’ అన్న పేరే దశాబ్దాల పాటు చెల్లింది. ఇప్పుడిప్పుడే చివర స్మిత్ పేరు చేరుస్తున్నారు. 1951లో ఇంగ్లండు పడమటి తీరంలోని బ్యూడ్ అనే ఊళ్ళో చనిపోతే, అప్పులు తీర్చడానికి ఆమె సామాను అమ్మేశారు.

అయితే ఒక పని చేసింది. ప్రతి కార్డులోనూ ఒక మూల, మెలికలు తిరిగిన తీగలాగా తన పొడి అక్షరాలను చుట్టి పెట్టింది. భూతద్దం పెట్టి తొమ్మిది కాసుల కార్డు అడుగున వెతుకు, దొరుకుతుంది. పట్టాదారు కాలమ్‌లో ఆమె పేరు ఎవరూ రాయలేదు కాబట్టి తానే రాసుకుంది.

ప్రశ్న: కార్డుతో మీకు పాతికేళ్ళ అనుబంధమని రాసి, అదేమిటో చెప్పకుండా దాటవేశారు. (కర్నూలు నుంచి ముగ్గురు)

జవాబు: దాటవేయలేదు, చోటు చాలలేదు. 1998లో ఒక ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఈ కట్ట దొరికింది. పెట్టె చిరిగి ఉంది, ముక్కలన్నీ ఉన్నాయి. నాకప్పుడు జోస్యం మీద ఆసక్తి లేదు, పెళ్ళి మీద ఉంది, అదీ కుదరడం లేదు. బస్సులో వస్తూ ఒక్కొక్క ముక్కే తిప్పుతుంటే ఈ కార్డు దగ్గర చెయ్యి ఆగింది. పక్కన ఎవరూ లేకుండా ఇంత నిమ్మళంగా నిలబడిన ఆడమనిషి బొమ్మను అంతకుముందు నేను చూడలేదు. మన క్యాలెండర్లలో లక్ష్మీదేవి ఒక్కతే ఉంటుంది నిజమే, కానీ ఆమె దేవత.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడినప్పుడు మా ఇంటి కింది అంతస్తు మునిగింది. నీళ్ళు తీసిన తరువాత మా వీధిలో ప్రతి మిద్దె మీదా కాగితాలే: పిల్లల సర్టిఫికెట్లు, పెళ్ళి ఆల్బములు, బ్యాంకు పుస్తకాలు, రాళ్ళు బరువు పెట్టి ఆరబోసినవి. మా మిద్దె మీద, బట్టల దండేనికి క్లిప్పులు పెట్టి నేను ఆరేసినవి రెండే. ఒకటి ఈ కార్డు. మిగతా కట్ట బురదలో ముద్దయిపోతే, పుస్తకంలో గుర్తుగా పెట్టడం వల్ల ఇదొక్కటే మిగిలింది. రెండోది మా ఇంటి దస్తావేజు, రొట్టెల డబ్బుతో మా అమ్మ తన పేర కొన్నది. స్టాంపుకాగితం మీది వయొలెట్ ముద్రలు నీటికి పాకి మేఘాల్లా అయిపోయాయి. అమ్మ కుర్చీ వేసుకుని ఆ దండెం కిందనే మధ్యాహ్నమంతా కూర్చుంది. కార్డును చూసి ‘ఈ డేగమ్మ ఎవరు?’ అని అడిగింది. చెప్పాను. ‘తోట ఆమెదేనా?’ అంది. పుస్తకంలో ‘కావచ్చు’ అని ఉందని చెప్పాను. ‘కావచ్చు ఏంది, రిజిస్ట్రారాఫీసులో చూస్తే తెల్చదా’ అంది.

మరుసటి వారం అమ్మను వెంటబెట్టుకుని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్ళి దస్తావేజు ధ్రువీకరించిన నకలుకు దరఖాస్తు పెట్టాను; రిజిస్టరయిన దస్తావేజుకు అక్కడ ప్రతి ఉంటుంది, రుసుము కడితే ఇస్తారు. అసలు కాగితం కూడా బీరువాలోనే ఉంది. దాన్ని లామినేషన్ చేయిస్తే బాగుంటుందా అని ముగ్గురిలో ఒకరు అడిగారు. వద్దు. ఒకసారి ప్లాస్టిక్ అంటిన తరువాత ఊడదీయడం కుదరదు, లోపల తేమ మిగిలి ఉంటే కాగితం నల్లబడుతుంది. బాగా ఆరనిచ్చి, పలుచని నూలుగుడ్డలో చుట్టి, పై అరలో పెట్టుకోండి. కింది అరలో వద్దు.